మన ఊళ్ళో పుట్టిన వీరుడు

ఈ ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని సంఘ కార్యవర్గమువారు అడిగినప్పుడు, సెకండు లెఫ్టినెంటు అరుణ్ ఖేతర్‌పాల్‌ను గురించి వ్రాస్తామని మేము చెప్పినాము. పెద్దలొకరు కళ్ళజోడు తీసి మా వైపు చూసి, "ఆ అబ్బాయి పంజాబీవాడు కదా నాయనా, మనవాళ్ళలో వీరులే కరువైనారా?" అని అడిగినారు. లేకేమి? సూర్యాపేట బిడ్డ కర్నలు సంతోష్‌బాబు 2020 జూను నెలలో గల్వాను లోయలో ప్రాణమిచ్చి మహావీరచక్రము పొందినాడు. ఆయన ఫోటో మన ఇండ్లలో ఎన్నిచోట్ల ఉన్నదో లెక్కలేదు. "కాని బాబాయిగారూ, అరుణ్ పుట్టినది మన పూనాలో" అన్నాము. "పుట్టినంతమాత్రాన మనవాడవుతాడా?" అన్నారాయన. ఆ మాట మమ్ములను చాలా దినములు వదలలేదు. ఎందుకనగా అదే ప్రశ్న మనలను గురించి ఇతరులు అడుగుతూనే ఉన్నారు.

మా తాతగారు కరీంనగరం జిల్లా నుంచి మగ్గము పనికి షోలాపురము వచ్చినారు. మా నాయనగారు అక్కడినుంచి పుణె చేరినారు. మేము ఇక్కడనే పుట్టి, ఇక్కడి బడిలో మరాఠీ అక్షరములు దిద్ది, ఇక్కడి రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా కుదిరినాము. ఇరుగుపొరుగువారు గుఢీ ఎత్తే పూటనే మనము ఉగాది పచ్చడి కలుపుకొంటాము. మీ ఊరేదని ఇక్కడివారు అడిగితే కరీంనగరము వైపని చెప్పుతాము. కరీంనగరములో బంధువులు అడిగితే పుణె అంటాము. రెండు జవాబులూ నిజమే. రెండు చోట్లా వినేవారి ముఖములో ఒక చిన్న అనుమానము కనబడుతుంది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్పవలసి వచ్చినదో చదువరులకు మునుముందు తెలియగలదు.

అరుణ్ 1950 అక్టోబరు 14వ తేదీన పూనాలో పుట్టినాడు. తండ్రి ఎం. ఎల్. ఖేతర్‌పాల్ సైన్యములో ఇంజనీర్ల దళానికి చెందిన అధికారి. వారి సొంత ఊరు పూనా కాదు, ఢిల్లీ కూడా కాదు. పశ్చిమ పంజాబులోని సర్గోధా వారి ఊరు. 1947లో దేశము రెండు ముక్కలైనప్పుడు ఆ ఊరు పాకిస్తానులో ఉండిపోయినది. మన పెద్దలు బ్రతుకుతెరువు కోసము ఊరు విడిచి వచ్చినారు. కాని సెలవు దొరికితే టిక్కెట్టు కొనుక్కొని తిరిగి పోగలిగినారు. ఖేతర్‌పాల్ కుటుంబమువారికి ఆ టిక్కెట్టు అమ్మే స్టేషనే లేకపోయినది. అటువంటి ఇంటిలో, ఊరు పోయిన మూడేళ్ళకు, తండ్రి ఉద్యోగరీత్యా మన ఊళ్ళో పుట్టిన బిడ్డ అరుణ్.

ఆ వంశమునకు కత్తి పట్టడము కొత్త కాదు. అరుణ్ ముత్తాత సిక్కుల ఖాల్సా సేనలో చేరి చిలియన్‌వాలా యుద్ధములో ఇంగ్లీషువారితో పోరాడినాడు. తాత మొదటి ప్రపంచయుద్ధములో అదే ఇంగ్లీషువారి సేనలో పనిచేసినాడు. తండ్రి స్వతంత్ర భారత సైన్యములో బ్రిగేడియరు అయినాడు. ఏలిన ప్రభుత్వములు మారినవి కాని ఇంటివారి వృత్తి మారలేదు. మన పద్మశాలీల ఇండ్లలో మగ్గము తాతనుంచి మనుమనికి వచ్చినట్లే అనుకోవచ్చును.

సనావరు కొండలలోని లారెన్సు పాఠశాలలో చదువు ముగించి, 1967లో అరుణ్ మన ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో చేరినాడు. అనగా పుట్టిన ఊరికే చదువుకు వచ్చినాడు. పిదప డెహ్రాడూను. 1971 జూను 13వ తేదీన పూనా హార్సు అనే ట్యాంకు దళములో సెకండు లెఫ్టినెంటు అయినాడు.

ఈ పూనా హార్సు పేరు విని మన పిల్లలు అది మరాఠీవారి దళమనుకొంటారు. 1817లో పీష్వాతో ఇంగ్లీషువారు చేసుకొన్న ఒడంబడిక ఫలితముగా పూనాలో పుట్టిన గుర్రపుదండు అది. తరువాత పేరు మాత్రము మిగిలినది. అందులోని జవానులు రాజపుత్రులు, జాట్లు, సిక్కులు. మన ఇంటిపేర్లు చూడండి. ఏదో ఒక పల్లె పేరు ఇంటిపేరుగా మోస్తున్నవారు ఎందరో ఉన్నారు, ఆ పల్లె ఎక్కడున్నదో చూసినవారు ఇంటిలో ఒక్కరూ ఉండరు. పూనా హార్సుకు పూనా అటువంటి ఇంటిపేరు. ఆ దళములో మనకు దగ్గరివాడు ఇంకొకడు ఉండేవాడు. లెఫ్టినెంటు కర్నలు ఆర్దెషీర్ తారాపూర్, పార్సీవాడు. ఆయన తాత నైజాము కొలువుకు హైదరాబాదు చేరినాడు. తారాపూర్ పూనాలో చదువుకొని హైదరాబాదు సంస్థాన సైన్యములో ఉద్యోగము చేసినాడు. సంస్థానము విలీనమైన తరువాత పూనా హార్సుకు వచ్చి, దాని నాయకుడై, 1965 సెప్టెంబరు 16వ తేదీన సియాల్‌కోటు రంగములో వీరమరణము పొందినాడు. ఆయనకు పరమవీరచక్రము వచ్చినది. ఆ ఆరేళ్ళ తరువాత అదే దళములో, ఆ ప్రాంతములకు దగ్గరలోనే, రెండవ పరమవీరచక్రము అరుణ్ పేర వచ్చినది.

1971 చివర యుద్ధము ముంచుకొని వచ్చేనాటికి అరుణ్ మన అహమద్‌నగరములో ట్యాంకు అధికారుల శిక్షణలో ఉన్నాడు. (ఆ ఊరికి 2024లో అహిల్యానగరమని పేరు మారినది. కాని మా ఆఫీసులో ముసలి హమాలీలు ఇంకా నగరనే అంటారు.) శిక్షణ సగములో ఆపి దళములో చేరుమని కబురు వచ్చినది. దారిలో ఢిల్లీలో తల్లిదండ్రులను చూసి పోయినాడు. అతని సామానులో గోల్ఫు ఆడే కర్రలూ, విందులలో అధికారులు తొడుక్కొనే నీలిరంగు దుస్తులూ ఉన్నవట. ఇవెందుకురా అని అడిగితే, లాహోరులో గోల్ఫు ఆడవలెను గదా, గెలిచిన తరువాత విందుకు దుస్తులు కావలెను గదా అన్నాడని ఆ ఇంటివారు చెప్పుకొన్నారు. పార్సిలు ఆఫీసులో పనిచేసే మావంటివారికి మనిషి వెంట తీసుకొనిపోయే సామాను చూసి అతని మనసు కొంత ఊహించడము అలవాటు. యుద్ధమునకు గోల్ఫు కర్రలు తీసుకొనిపోయినవాడు తిరిగి రావలెనని గట్టిగా అనుకొన్నవాడే. చావును కోరి పోయినవాడు కాదు. వీరులను గురించి వ్రాసేవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు. పోరాడితే సింహమువలె పోరాడుము, పిరికివై రాకుము అని తల్లి చెప్పి పంపినదని కూడా అంటారు. ఆ తల్లి నోట ఆ మాట ఎట్లు వచ్చినదో, చెప్పిన తరువాత ఆమె ఎట్లు నిద్రపోయినదో మనకు తెలియదు.

డిసెంబరు 3వ తేదీన యుద్ధము మొదలైనది. జమ్మూకు దక్షిణాన పాకిస్తాను భూమి శకర్‌గఢ్ దగ్గర మన వైపు ఒక బుడిపెవలె పొడుచుకొని వచ్చియున్నది. పఠాన్‌కోట్ నుంచి జమ్మూ పోయే రోడ్డుకు అది ప్రమాదము. ఆ రోడ్డు తెగితే కాశ్మీరమునకు మనకు దారి తెగినట్లే. అందుచేత మన సైన్యము ఆ ప్రాంతములోనికి చొచ్చుకొని పోయినది. అక్కడ బసంతర్ అనే చిన్న నది ఉన్నది. నది చిన్నదే కాని దాని గట్టుల పొడుగునా మందుపాతరలు దట్టముగా పాతియున్నవి. డిసెంబరు 15వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు మన 47వ పదాతి బ్రిగేడు నది దాటి ఆవలి గట్టున నిలదొక్కుకొన్నది. పదాతి దాటినది గాని ట్యాంకులు దాటవలెనంటే మందుపాతరలు తీసి దారి చేయవలెను. ఆ పని ఇంజనీర్లది. అరుణ్ తండ్రిది కూడా ఆ దళమే. ఆ యుద్ధములో దారులు తీస్తూ మేజరు విజయ్ రత్తన్ చౌధరి అనే ఇంజనీరు అధికారి ప్రాణము విడిచినాడు. అతనికి మహావీరచక్రము వచ్చినది. అరుణ్ పేరు తెలిసినవారిలో చౌధరి పేరు తెలిసినవారు తక్కువ. పట్టాలు వేసినవారిని రైలెక్కినవారు తలుచుకోనట్లే ఇదీ.

దారి సగము తీసేసరికి ఆవల శత్రువు ట్యాంకులు కదులుతున్నవని కబురు వచ్చినది. తెల్లవారి అవి మీద పడితే ఆవలి గట్టునున్న మన పదాతి నిలువలేదు. పూనా హార్సు నాయకుడు లెఫ్టినెంటు కర్నలు హనూత్ సింగ్ ఆగకుండా, తీయని మందుపాతరల మీదుగానే తన ట్యాంకులను నడిపించినాడు. ఆ చీకటిలో ట్యాంకు లోపల కూర్చున్నవారి స్థితి చెప్పడము మా తరము కాదు. మేము ఒకసారి అహమద్‌నగరములోని ట్యాంకుల ప్రదర్శనశాలకు పిల్లలను తీసుకొని పోయినాము. అక్కడ మనవారు నడిపిన సెంచూరియను, పాకిస్తానువారు నడిపిన పాటను రెండూ చూడవచ్చును. బయటినుంచి ఏనుగంత కనబడే ఆ యంత్రములో నలుగురు ఉండవలెను. నడిపేవాడొకడు, ఫిరంగి పేల్చేవాడొకడు, గుండ్లు అందించి వైర్‌లెస్సు చూసేవాడొకడు, నాయకుడొకడు. మా చిన్నవాడు, "నాయనా, వీళ్ళు బయటికి ఎట్లా వస్తారు?" అని అడిగినాడు. మేము జవాబు చెప్పక ముందుకు నడిచినాము.

డిసెంబరు 16వ తేదీ ఉదయము జర్‌పాల్ అనే పల్లె దగ్గర పాకిస్తాను ట్యాంకులు పొగతెర చాటున ఎదురుదాడి మొదలుపెట్టినవి. అక్కడి మన స్క్వాడ్రను బలము చాలక సాయము కోరినది. వేరొక స్క్వాడ్రనులో ఉన్న అరుణ్ ఆ పిలుపు విని తన జట్టు ట్యాంకులతో బయలుదేరినాడు. దారిలో శత్రువు మాటు స్థావరములనుంచి ట్యాంకులను కొట్టే తుపాకులు పేలినవి. అతని జట్టులోని ఇంకొక ట్యాంకు నాయకుడు అక్కడనే చనిపోయినాడు. అరుణ్ ఆ స్థావరముల మీదికే ట్యాంకును తోలి, పిస్తోలు చూపి శత్రు సైనికులను పట్టుకొన్నాడు. పిదప జర్‌పాల్ చేరి, వెనుదిరిగిన శత్రువు ట్యాంకులను తరుముకొని పోయి ఒకదానిని కూల్చినాడు. అతనిని వెనక్కు పిలిపించడము పైవారికి కష్టమైనదట. ఇరవైయొక్క ఏళ్ళవాడు గదా!

తరువాత శత్రువు మరల బలము కూడగట్టుకొని వచ్చినాడు. ఈసారి వచ్చినది 13వ లాన్సర్లు అనే పేరుగల ట్యాంకు దళము. వారు వచ్చిపడిన చోట మనకు మూడే ట్యాంకులున్నవి. వాటిలో అరుణ్ ట్యాంకు ఒకటి. దాని పేరు ఫామగుస్తా. ఆ పోరులో పది శత్రు ట్యాంకులు దెబ్బతిన్నవనీ, వాటిలో నాలుగు అరుణ్ ఒక్కడే కొట్టినాడనీ పతకముతోపాటి ప్రశంసాపత్రములో ఉన్నది. మన వైపు మూడు ట్యాంకులలో ఒకటి దెబ్బ తిన్నది. ఇంకొకదాని ఫిరంగి పట్టేసినది. మిగిలినది ఫామగుస్తా. దానికీ గుండు తగిలి మంట అంటుకొన్నది. ట్యాంకు విడిచి దిగుమని వైర్‌లెస్సులో ఆజ్ఞ వచ్చినది. అరుణ్ దిగలేదు. నా ఫిరంగి ఇంకా పనిచేస్తున్నది, నేను విడువను అని జవాబు చెప్పినాడు. తాను దిగితే ఆ చోట శత్రువుకు అడ్డము నిలిచేవారు లేరని అతనికి తెలుసు. ఎదుటి ట్యాంకు కొద్ది గజముల దూరములోకి వచ్చినది. రెండవ గుండు ఫామగుస్తాకు తగిలినది. అరుణ్ అక్కడనే ప్రాణము విడిచినాడు. అతనితో ఉన్న సవారు నంద్ సింగ్ కూడా చనిపోయినాడు. శత్రువు ఆ చోట దాటి రాలేదు.

ఉద్యోగములో చేరి ఆరు నెలల మూడు దినములు. ఆ సాయంకాలమే ఢాకాలో పాకిస్తాను సేనాపతి లొంగుబాటు పత్రముమీద సంతకము చేసినాడు. మరునాటి రాత్రి ఎనిమిది గంటలకు పశ్చిమ రంగములో కూడా కాల్పులు ఆగినవి. ఒకటిన్నర దినము! మా ఆఫీసులో ఒకటిన్నర దినము ఆలస్యమైన పార్సిలును ఆలస్యముగా కూడా లెక్కించరు.

1972 గణతంత్ర దినోత్సవము నాటికి అరుణ్ పేరు పరమవీరచక్రమునకు ప్రకటింపబడినది. ఆనాటి రాష్ట్రపతి ఎవరో మన సంచికలో చెప్పక తప్పదు. ఆయన వరాహగిరి వెంకట గిరిగారు. ఇప్పటి ఒడిశాలోని బరంపురములో తెలుగు ఇంటిలో పుట్టినవారు, అనగా మనవలెనే సొంత రాష్ట్రము బయటి తెలుగువారు. మాకు ఇంకొక చుట్టరికము కూడా ఉన్నది. 1928లో బెంగాలు నాగపూరు రైల్వే కార్మికుల సమ్మెను శాంతియుతముగా నడిపినది ఆయనే. రైల్వే గుమాస్తా ఎవడూ ఆ పేరు మరువరాదు. ఇక ఆ పతకమును గీసినది సావిత్రీబాయి ఖానోల్కరు. ఆమె పుట్టుకకు ఐరోపా వనిత, మరాఠీ సైన్యాధికారిని పెండ్లాడి ఈ దేశపు స్త్రీగా మారిపోయినది. దధీచి మహర్షి తన ఎముకలిచ్చి చేయించిన వజ్రాయుధమును ఆమె ఆ కంచు బిళ్ళ మీద నాలుగు ప్రక్కలా నిలిపినది. ఇంతవరకు ఆ పతకము ఇరవైయొక్కమందికి వచ్చినది. అందులో పద్నాలుగురికి మరణానంతరమే. 1999లో కార్గిలులో పందొమ్మిదేళ్ళ యోగేంద్ర సింగ్ యాదవ్ పొందేవరకు, వయసులో అందరికంటె చిన్నవాడు అరుణే. ఖడక్‌వాస్లా అకాడమీ కవాతు మైదానమునకు ఖేతర్‌పాల్ పేరు పెట్టినారు. అండమానులో ఒక దీవికి 2023లో అతని పేరు పెట్టినారు. ఫామగుస్తాను బాగుచేసి అహమద్‌నగరము శిక్షణాకేంద్రములో ఉంచినారు.

సామాన్యముగా వీరగాథ ఇక్కడ ముగియును. అరుణ్ కథలో మేము అన్నిటికన్న ముఖ్యమని తలచే ఘట్టము దీని తరువాత ఇరవైతొమ్మిదేళ్ళకు జరిగినది.

తండ్రి బ్రిగేడియరు ఖేతర్‌పాల్‌కు ఎనభయ్యొక్క ఏళ్ళు వచ్చినవి. చచ్చేలోగా సర్గోధా ఒకసారి చూడవలెనని కోరిక పుట్టినది. మన ఇండ్లలో ఈ కోరిక ఎరుగనివారెవరు? మా తాతగారు మంచములో ఉండి కూడా, ఊరి చెరువు నిండినదా అని ఎవరు వచ్చినా అడిగేవారు. 2001లో బ్రిగేడియరుగారు పాకిస్తాను ప్రయాణమైనారు. లాహోరులో ఆయనకు ఆతిథ్యమిచ్చినది ఖ్వాజా మహమ్మద్ నాసిర్ అనే ఒక పాకిస్తాను బ్రిగేడియరు. ఆ ఇంటిల్లిపాదీ ముసలాయనను సొంత మనిషివలె చూసుకొన్నారు. వేళకు భోజనము, ప్రక్కన తోడు, ఏదీ లోటు లేదు. ఇంత మర్యాద దేనికోయని ఆయనకే ఆశ్చర్యమైనదట.

ఆఖరి రాత్రి నాసిర్ ఆయనతో ఏకాంతముగా కూర్చుండి ఒక సంగతి చెప్పినారు. 1971 డిసెంబరు 16వ తేదీన 13వ లాన్సర్లలో తాను మేజరుగా ఉండినాననీ, ఆనాడు మీ కుమారుని ట్యాంకూ నా ట్యాంకూ ఎదురెదురుగా నిలిచినవనీ, మీ కుమారుడు నా చేతిలో మరణించినాడనీ చెప్పినారు. అతని ధైర్యమును ఎంతో పొగడినారు. ముసలాయన నోట మాట రాలేదు. మూడు దినములు ఎవరి ఇంట అన్నము తిన్నాడో అప్పుడు తెలిసినది. ఆయన కోపించలేదు, నిందించలేదు. ఇద్దరూ సైనికులు. ఆ నాటి పని ఎవరిదో ఇద్దరికీ తెలుసు. తరువాత నాసిర్ వ్రాసి ఇచ్చిన నాలుగు మాటలలో, తమ దాడి గెలుపునకూ ఓటమికీ నడుమ అరుణ్ కదలని బండవలె నిలిచినాడని వ్రాసినారు. ఆ యుద్ధమును మనము బసంతర్ యుద్ధమంటాము. వారు బడాపిండ్ యుద్ధమంటారు. ఆ కాగితము మీద రెండు పేర్లూ ఉన్నవి.

నాసిర్ చెప్పకుండా ఉండవలసినది అనేవారున్నారు. పండుటాకువంటి మనిషిని ఎందుకు కదిలించవలెను, ఊరు చూసి సంతోషముగా పోనీయక అని మా ఇంటిలోనే ఒకరు అన్నారు. అందులోనూ న్యాయము లేకపోలేదు. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కాని మాకు వేరుగా తోచుచున్నది. ఉప్పు తిన్నవాడు ఉప్పు పెట్టినవానికి ఋణపడతాడని మన పెద్దలు చెప్పినారు. ఇక్కడ ఉప్పు పెట్టినవాడే ఋణపడి ఉన్నాడు. ఆ ఋణము దాచుకొని అతిథిని సాగనంపితే, ఆ మూడు దినముల మర్యాదా మోసమైపోయేది. తండ్రికి కూడా, కుమారుని ఆఖరి గడియ చూసిన కళ్ళు ఈ లోకములో ఇంకా ఉన్నవని తెలియడము మేలే అనుకొంటాము. మేమూ ఇద్దరు మగపిల్లల తండ్రిమి. ఈ మాట వ్రాసి మరల కొట్టివేసి మరల వ్రాసినాము.

మా పార్సిలు ఆఫీసు ముందునుంచి ఏటేటా ఖడక్‌వాస్లా కుర్రవాళ్ళు నల్ల ట్రంకుపెట్టెలతో పోతూ ఉంటారు. పెట్టెల మీద తెల్లరంగుతో పేర్లు. పేరును బట్టి ఏ రాష్ట్రపువాడో ఊహించడము మావాళ్ళకు ఒక ఆట. తెలుగు పేరు కనబడితే మేమే ముందుగా లేచి ఎక్కడివాడవు బాబూ అని అడుగుతాము. ఈ వ్యాసము వ్రాయడము మొదలుపెట్టిన తరువాత ఆ ఆటమీద మనసు పోవడము లేదు.

వ్రాతప్రతిని ముందుగా ఆ పెద్దాయనకే చదివి వినిపించినాము. ట్యాంకుల యుద్ధము దగ్గర ఆయన కళ్ళు మూసుకొని విన్నారు. లాహోరు ఘట్టము దగ్గర కండువాతో ముఖము తుడుచుకొన్నారు. మనవాడా కాడా అనే ప్రసంగము మరల తేలేదు. అంతా అయిన తరువాత ఒక్కటే అడిగినారు.

"ఇంతకూ ఆ ముసలాయన సర్గోధా చూసినాడా, చూడకుండానే వచ్చినాడా?"

"చూసే వచ్చినారు బాబాయిగారూ" అన్నాము.